బొల్లారంలో పుట్టిన వేటగాడు – కెన్నెత్ ఆండర్సన్

వార్షికోత్సవ సంచిక వచ్చిందంటే మహనీయుల జీవితాలు రాయడం మన హాస్టల్లో ఆనవాయితీ. అంబేడ్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. ఈసారి మేము కొంచెం పక్కదారి పట్టి ఒక వేటగాడి జీవితం ఎంచుకున్నాం. వేటగాడి గురించి మనకెందుకు అని కొందరు అడగవచ్చు. చివరిదాకా చదివితే ఇది మన తాతల కథ కూడా అని మీకే తెలుస్తుంది.

ఆయన పేరు కెన్నెత్ ఆండర్సన్. ఉత్తరాదిన వేట కథలకు జిమ్ కార్బెట్ ఎంత పేరో, దక్షిణాదిన ఆండర్సన్ అంత పేరు. కార్బెట్ పుట్టింది హిమాలయాల కింద నైనిటాల్‌లో. ఆండర్సన్ పుట్టింది మాత్రం మన పక్కనే ఉన్న బొల్లారంలో! కీసరగుట్ట నుంచి పడమటి వైపు గీత గీస్తే బొల్లారం ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. ఇప్పుడు రాష్ట్రపతి నిలయం ఉన్నది ఆ బొల్లారంలోనే. ఆ రోజుల్లో అది తెల్లవాళ్ల దండు ఉన్న చోటు.

బాల్యం, చదువు, ఉద్యోగం

ఆండర్సన్ 1910 మార్చి 8న జన్మించాడు. ఆయనది స్కాట్లాండ్ నుంచి వచ్చి ఆరు తరాలుగా ఈ దేశంలోనే స్థిరపడిన కుటుంబం. తండ్రి సైనికుల జీతాల లెక్కలు చూసే కార్యాలయంలో అధికారి. పిల్లవాడి చదువంతా బెంగళూరులో సాగింది. బిషప్ కాటన్ పాఠశాలలో, ఆ తర్వాత సెయింట్ జోసెఫ్ కళాశాలలో చదివాడు. లా చదవమని ఎడింబరో పంపిస్తే ఆ చదువు మధ్యలోనే వదిలేసి తిరిగి వచ్చేశాడు. ఆయన మనసంతా ఇక్కడి అడవుల మీదే ఉంది.

వచ్చాక తపాలా తంతి శాఖలో దాదాపు 15 ఏళ్లు పనిచేశాడు. తర్వాత బెంగళూరులోని విమానాల కర్మాగారంలో ఉద్యోగం చేశాడు. అంటే ఆయన రాజు కాదు, జమీందారు కాదు. మన నవాబుల్లాగా ఏనుగుల మీద ఊరేగుతూ వేటకు వెళ్లినవాడు కాదు. ఆఫీసులో సెలవు చీటీ పెట్టి, దొరికిన నాలుగు రోజుల్లో అడవికి పరుగెత్తే ఉద్యోగస్తుడు. కన్నడం, తమిళం మాట్లాడేవాడు. అందుకే పల్లెల్లో ఎవరితోనైనా కూర్చుని మాట్లాడగలిగాడు.

మన ప్రాంతంలో వేట

ఆండర్సన్ కథలోకి వెళ్లేముందు, ఆ రోజుల్లో మన దగ్గర వేట ఎలా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల మైదానాల్లో కృష్ణజింకలు మందలు మందలుగా ఉండేవి. నవాబులు, వారి అతిథులు వాటిని తుపాకులతో కొట్టేవారు. పెంచి మచ్చిక చేసిన చీతాపులులను బండ్ల మీద తీసుకెళ్లి వదిలి, అవి జింకను తరిమి పట్టుకుంటుంటే చూసి ఆనందించేవారు. ఉప్పల్ నుంచి ఎల్బీ నగర్ మీదుగా వెళ్తే వచ్చే వనస్థలిపురం హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటభూమి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ (1866–1911) పులుల వేటకు ప్రసిద్ధి. ఆండర్సన్ పుట్టిన మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు.

ఆ వేటల్లో తుపాకీ పేల్చేది ఒకరే. పనిచేసేది మాత్రం వందమంది. డప్పులు కొట్టి, కేకలు పెట్టి, తుప్పల్లో నుంచి జంతువును తోలేవాళ్లు ఊరివాళ్లు. మంచె కట్టేది వాళ్లే. మేకపిల్లనో దూడనో ఎరగా కట్టేది వాళ్లే. చచ్చిన జంతువును మోసేది కూడా వాళ్లే. దొరలు, అధికారులు ఊరిమీదికి వస్తే చేయక తప్పని వెట్టిలో ఇదీ ఒక భాగం. ఫోటోలో పులి మీద కాలు పెట్టి నిలబడినవాడి పేరు కింద రాసి ఉంటుంది. తోలినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

ఆండర్సన్ మిగతావారికి వేరుగా నిలిచింది ఇక్కడే. ఆయన తన వెంట నడిచినవాళ్ల పేర్లు రాశాడు.

బైరా అనే గురువు

చిన్నారు అనే ఏరు ఇప్పటి తమిళనాడు ధర్మపురి ప్రాంతపు అడవుల్లో పారి, హోగెనకల్ దగ్గర కావేరిలో కలుస్తుంది. ఆ ఏటి ఒడ్డున బైరా అనే పూజారి తెగ మనిషి ఉండేవాడు. గోచీ తప్ప ఒంటిమీద బట్ట లేదు. అక్షరం ముక్క రాదు. నీటిగుంట దగ్గర పొంచి నాటు తుపాకీతో జింకలను కొట్టి బతికేవాడు. ప్రభుత్వం దృష్టిలో దొంగ వేటగాడు. ఆండర్సన్ యువకుడిగా ఉన్నప్పుడు బైరాతో పరిచయమైంది. ఆ స్నేహం ఏళ్ల తరబడి నడిచింది. రంగా అనే మరొక స్నేహితుడు కూడా ఇలాంటి వేటగాడే. ఆండర్సన్ పుస్తకాల్లో వీళ్లిద్దరూ మళ్లీ మళ్లీ కనిపిస్తారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకోకూడదు. ఐరోపా వారికి మాత్రం చాలాకాలం మినహాయింపు ఉండేది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వు అయ్యాయి. తాతల నాటి నుంచి అక్కడే ఉన్న బైరా ఒక జింకను కొడితే నేరం. పట్నం నుంచి వచ్చిన దొర లైసెన్సు తీసుకుని అదే జింకను కొడితే వినోదం. మన హైదరాబాద్ సంస్థానంలోనూ అటవీ చట్టాలు ఆదివాసులను అలాగే బాధించాయి. అడవి మీద, నీటి మీద, భూమి మీద హక్కు కోసం పోరాడిన కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చాడు. ఇవన్నీ ఒకే కాలంలో జరిగిన సంగతులని మనం మరిచిపోకూడదు.

ఆండర్సన్ తిరుగుబాటు చేసినవాడు కాదు. చట్టం ఇచ్చిన సౌకర్యం అనుభవించినవాడే. కానీ బైరాను నౌకరుగా కాక అడవి విద్య తెలిసిన స్నేహితుడిగా చూశాడు. తనకు వచ్చినదంతా ఇలాంటివాళ్ల దగ్గర నేర్చుకున్నదేనని తన రాతల్లో దాచుకోలేదు.

జింకను చదివితే అడవి అర్థమవుతుంది

మరి ఆ విద్య ఏమిటి? వేటగాళ్లందరికీ మొదటి పాఠం జింకే. పులిని నేరుగా వెతికితే దొరకదు. పులి ఎక్కడుందో జింక చెబుతుంది. ఆండర్సన్ రాతల్లోనూ, అడవి తెలిసిన మన పెద్దల మాటల్లోనూ కనిపించే కొన్ని సంగతులు ఇక్కడ ఇస్తున్నాం. ఒకప్పుడు ఇవి జింకను కొట్టడానికి పనికొచ్చాయి. ఇప్పుడు చూడటానికి, కాపాడటానికి పనికొస్తాయి.

మొదటిది గాలి. జింకకు కళ్లకంటే ముక్కు గొప్పది. గాలి మన వైపు నుంచి దాని వైపు వీస్తే మనం ఎంత నెమ్మదిగా నడిచినా లాభం లేదు. అందుకే పాతకాలం వాళ్లు చిటికెడు దుమ్మో బూడిదో గాలిలోకి వదిలి ఎటు పోతుందో చూసేవాళ్లు. గాలి మన ముఖానికి తగిలేలా నడవాలి.

రెండవది కదలిక. కదలకుండా నిలబడిన మనిషిని జింక చాలాసార్లు చెట్టుమొద్దు అనుకుంటుంది. చెయ్యి ఊపామా, మంద అంతా మాయం. అది తల దించి మేస్తున్నప్పుడే అడుగు వేయాలి. తల ఎత్తితే ఆగిపోవాలి.

మూడవది సమయం. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ జింకలు మేతకు, నీటికి బయటికి వస్తాయి. మిట్టమధ్యాహ్నం నీడ పట్టి పడుకుంటాయి. ఎండాకాలంలో నీటిగుంటల చుట్టూ, ఉప్పుమట్టి దొరికే చోట్ల అడుగులు ఎక్కువగా కనిపిస్తాయి.

నాలుగవది అడుగుజాడ. రెండుగా చీలిన గిట్ట గుర్తు అంచు పదునుగా ఉంటే కొత్తది. అంచు విరిగి, లోపల ఆకో దుమ్మో పడి ఉంటే పాతది. గిట్టలు విచ్చుకుని లోతుగా దిగితే జంతువు పరుగెత్తిందని అర్థం. పెంటికలు తడిగా మెరుస్తుంటే అది ఇప్పుడే అటు వెళ్లింది.

అయిదవది అన్నింటికంటే ముఖ్యమైనది – అరుపు. చుక్కల దుప్పి భయపడితే ఈల వేసినట్టు సన్నగా, పదునుగా అరుస్తుంది. తోక పైకెత్తి, ముందుకాలితో నేల తడుతుంది. కణుజు, అంటే సాంబరు, గంభీరంగా గంట కొట్టినట్టు అరుస్తుంది. దుప్పి చిన్న చిన్న వాటికి కూడా బెదురుతుంది గానీ కణుజు ఊరికే అరవదు. అది అరుస్తూనే ఉందంటే పులో చిరుతో దగ్గరలోనే ఉందని వేటగాళ్ల నమ్మకం. చెట్టు మీది కొండముచ్చు దగ్గినట్టు అరిచి కింద ఉన్న దుప్పులకు కబురు అందిస్తుంది. అది తెంపి పడేసిన ఆకులు తింటూ దుప్పులు ఆ చెట్టు కిందే తిరుగుతాయి. ఒకరికొకరు కాపలా అన్నమాట! మన హాస్టల్లో వార్డెన్ సార్ రౌండ్‌కు వస్తుంటే వరండాలో నుంచి కబురు అందినట్టే.

ఇంకొక చిన్న సంగతి పరీక్షకు కూడా పనికొస్తుంది. దుప్పి, కణుజు కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు రాలవు. వాడుకలో అన్నిటినీ జింకలే అంటాం గానీ శాస్త్రం ప్రకారం కృష్ణజింక వేరే జాతికి చెందినది.

ఆండర్సన్ పులిని వెతుకుతూ రాత్రంతా మంచె మీద కూర్చున్న కథలు చదివితే, ఆయన చేసిన పని ముఖ్యంగా వినడమే అనిపిస్తుంది. దూరాన కణుజు అరిచింది. కాసేపటికి ఇంకొంచెం దగ్గరలో దుప్పి అరిచింది. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పులి ఎటు నడుస్తోందో ఆయనకు తెలిసేది.

మనుషులను తినే పులులు

ప్రభుత్వ లెక్కల ప్రకారం 1939 నుంచి 1966 వరకు ఆండర్సన్ మనుషులను తినే 8 చిరుతలను, 7 పులులను చంపాడు. ఆయన తుపాకీ పాయింట్ 405 వించెస్టర్. తిరిగిన ప్రదేశాల్లో మన తెలుగు నేల చాలా ఉంది. చిత్తూరు వైపు చామల లోయ, తిరుపతి దగ్గర మామండూరు, నంద్యాల దాటాక నల్లమలలోకి దూరే రైలు దారిలోని గాజులపల్లి, చెలమ, దిగువమెట్ట. రైలు కిటికీలో నుంచి ఆ స్టేషన్ల బోర్డులు చూసినవాళ్లు మనలో ఉండే ఉంటారు. తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉన్న హోసూరు, డెంకణికోట అడవులు కూడా ఆయనకు సొంత పెరడు లాంటివి.

పులి మనిషిని ఎందుకు తింటుంది? ఈ ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానమే ఆయన పుస్తకాలకు ప్రాణం. పులి పుట్టుకతో మనిషికి శత్రువు కాదు. మామూలుగా మనిషిని చూస్తే తప్పుకుంటుంది. ఎవరో పట్నం వేటగాడు సరిగా గురి చూడకుండా కాల్చి, గాయపడిన పులిని వెతకకుండా వదిలేసి ఇంటికి పోతాడు. కాలు విరిగిన పులి జింకను పట్టలేదు. లేదా ఏదుపంది ముళ్లు పంజాలో దిగి కుంటుతుంది. లేదా దొంగ వేటగాళ్లు దుప్పులను, పందులను కొట్టి కొట్టి అడవిని ఖాళీ చేస్తారు. అప్పుడు పులి ఊరి పశువుల మీద, ఆ తర్వాత పశువుల కాపరి మీద పడుతుంది. అంటే కాల్చింది ఒకడు, చచ్చింది మరొకడు. చచ్చేవాళ్లు ఎవరు? కట్టెలకు పోయిన ఆడవాళ్లు, మేకలు కాసే పిల్లలు, బండి తోలుకుపోయే పేదవాళ్లు. అడవిలో జింక బాగుంటే ఊళ్లో మనిషి బాగుంటాడన్నది ఇందులోని సారం.

అందుకే ఆయనకు కొన్ని నియమాలు ఉండేవి. గాయపడిన జంతువును వదిలి రాకూడదు. ప్రాణాలకు తెగించి అయినా వెతికి దాని బాధ తీర్చాలి. రాత్రిపూట జీపులో కూర్చుని లైటు వేసి, కళ్లు బైర్లు కమ్మి నిలబడిపోయిన జింకను కొట్టడం ఆయనకు అసహ్యం. చచ్చిన పశువు మీద పురుగుల మందు చల్లి పులులను చంపే పద్ధతి మొదలైనప్పుడు దాన్ని గట్టిగా ఖండించాడు. వయసు పెరిగేకొద్దీ వినోదం కోసం కాల్చడం మానేసి, తుపాకీ కంటే కెమెరా మేలు అనే దశకు వచ్చాడు.

పుస్తకాలు

1954లో ఆయన మొదటి పుస్తకం నైన్ మ్యానీటర్స్ అండ్ వన్ రోగ్ వచ్చింది. 1957లో మ్యానీటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్, 1959లో ది బ్లాక్ పాంథర్ ఆఫ్ శివనిపల్లి వచ్చాయి. ఆ తర్వాత కూడా వరసగా రాశాడు. కన్నడంలో ప్రసిద్ధ రచయిత పూర్ణచంద్ర తేజస్వి వాటిని కాడిన కథెగళు పేరుతో అందించాడు. అలా కర్ణాటకలో ఇంగ్లీషు రానివాళ్ల ఇళ్లకు కూడా ఆండర్సన్ చేరాడు.

ఈ పుస్తకాల చుట్టూ ఒక బంధువర్గమే తయారైంది. ఆయన బతికుండగా అది చలిమంట చుట్టూ కూర్చున్న గుంపు – బైరా, రంగా, అటవీ గార్డులు, రైల్వే వాళ్లు, బండి తోలేవాళ్లు. ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పేవారు. ఏ ఏటిలో నీళ్లున్నాయి, ఏ గుట్ట మీద అడుగులు కనిపించాయి – అందరి మాటా కలిస్తేనే వార్త. ఆయన పోయాక అది పాఠకుల గుంపుగా మారింది. పుస్తకం చేత పట్టుకుని ఆ ఊళ్లు, ఆ వాగులు వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆండర్సన్ 1974 ఆగస్టు 30న బెంగళూరులో క్యాన్సర్‌తో మరణించాడు. చివరి పుస్తకం జంగిల్స్ లాంగ్ ఎగో ఆయన పోయిన రెండేళ్లకు, 1976లో వెలువడింది.

ఆ తర్వాత

ఆయన పోవడానికి రెండేళ్ల ముందే, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట నేరమైంది, దొరకూ బైరాకూ ఒకే చట్టం అయింది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. 1975లో నిజాం వేటభూమి మహావీర్ హరిణ వనస్థలిగా మారి కృష్ణజింకలకు ఇల్లయింది. తెలంగాణ వచ్చాక 2014లో చుక్కల జింకను మన రాష్ట్ర జంతువుగా ప్రకటించారు. వేటకుక్కలు తరిమిన జంతువు ఇప్పుడు మన రాష్ట్రానికి గుర్తు!

అయితే సమస్య తీరిపోలేదు. పంటలను పందుల నుంచి కాపాడుకోవడానికి, మాంసం కోసం, కొన్ని ఊళ్లలో ఉచ్చులు పెడుతున్నారు, కరెంటు తీగలు కడుతున్నారు. జింకలు చస్తున్నాయి. చీకట్లో పొలానికి పోయిన మనుషులు కూడా ఆ తీగలు తగిలి చస్తున్నారు. మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ ఒక్కమాట మన నాయనలకు, చిన్నాయనలకు చెబుదాం. ఆ తీగకు జింక, మనిషి తేడా తెలియదు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాం. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. వేట హక్కు మాత్రం ఇవ్వలేదు. అది సరైనదే అనుకుందాం. కానీ వేటతోపాటు ఆ విద్య కూడా పోవాలా? కణుజు అరుపు విని పులి దారి చెప్పగలిగిన మనిషి, అడుగు చూసి జంతువు వయసు చెప్పగలిగిన మనిషి, ఏ చెట్టు పూస్తే ఏ జింక ఎటు వస్తుందో తెలిసిన మనిషి – ఇలాంటివాళ్లు మన ఊళ్లలో ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. నల్లమల అంచు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. వాళ్లు వెళ్లిపోతే అదంతా వాళ్లతోనే వెళ్లిపోతుంది.

బైరాకు రాయడం రాదు. అందుకే బైరా గురించి ఆండర్సన్ రాశాడు, అదీ ఇంగ్లీషులో. ఆండర్సన్ రాయకపోతే బైరా అనే మనిషి ఉన్నాడని కూడా మనకు తెలిసేది కాదు. రాసినందుకు ఆయనకు మనం కృతజ్ఞత చెప్పాలి. కానీ మన తాతల గురించి రాయడానికి ఇంకొక దొర రావాలని మనం ఎదురు చూడనక్కరలేదు. మనలో చాలామంది ఇంట్లో పెన్ను పట్టిన మొదటి తరం మనదే. మన భాష మనకు వచ్చు, వాళ్లు మన ఇంటివాళ్లే.

అందుకని వచ్చే వార్షికోత్సవ సంచికలో రెండు పేజీలు ఖాళీగా ఉంచమని సంపాదకవర్గం మిత్రులను అడిగాం. సంక్రాంతి సెలవుల్లో ప్రతి ఒక్కరూ తమ తాతనో, అమ్మమ్మనో, ఊళ్లో అడవి తెలిసిన పెద్దమనిషినో అడిగి ఒక్క సంగతి రాసుకు రండి. చెప్పినవారి పేరు, ఊరి పేరు ముందు రాయండి. ఆ తర్వాతే మీ పేరు. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు కూడా రాసి పంపితే ఆ పేజీలు ఇంకా నిండుగా ఉంటాయి.